మోటారుబండి వెనుకటి కన్ను: అది పని చేయనప్పుడు దోషమును కనుగొను విధము

గడచిన వర్షకాలమున నొకనాటి సాయంకాలము, బడి విడిచిన పిమ్మట, మా సహోపాధ్యాయులొకరు తమ కారును వేపచెట్టు క్రిందనుండి వెనుకకు తీయుచుండిరి. వారికి చాలకాలమునుండి మెడనొప్పి కలదు. తల వెనుకకు త్రిప్పుట కష్టము. అందుచేత ముందుభాగముననున్న చిన్న తెఱలో బండి వెనుక నేమున్నదో చూచుకొనుచు నడపుట వారికి అలవాటు. ఆనాడు తెఱ నల్లగా నుండెను. వానచేత నట్లయినదని తలంచి, అద్దములను మాత్రము చూచి, వారు బండిని కదల్చిరి. అంతలో గేటువద్దనుండి కావలివాడు "ఆపండయ్యా!" అని కేకవేసెను. బండి ఆగెను. వెనుకచక్రమునకు మూరెడు దూరమున ఆఱవ తరగతి బాలుడొకడు చతికిలబడి, దొరలిపోయిన బంతిని బండిక్రిందనుండి తీసికొనుచుండెను. వానికి చిన్న గీటైనను తగులలేదు. కాని ఆ సాయంకాలమును వారు గాని మేము గాని మఱవజాలము.

మఱునాడు వారు తాళపుచెవిని మా బల్లపై నుంచి, "దీనికేమయినదో మీరు చూడండి. అది తేలేదాక నేను బస్సులోనే వస్తాను" అనిరి. మేమును పదవ తరగతి విద్యార్థులు నలుగురును రెండు సాయంకాలములు శ్రమపడి దోషమును కనుగొంటిమి. నడుమ నొక పొరపాటును చేసితిమి. ఆ పరీక్షల క్రమమును, మా పొరపాటును, దానివలన మేము నేర్చుకొన్న దానిని మా విద్యార్థుల కుపయోగపడునని యిచట వ్రాయుచున్నాము.

1. ఈ సాధనము పుట్టుక

బండి వెనుక నొక కెమెరా నమర్చి ముందు కూర్చున్నవానికి బొమ్మ చూపవలెనను తలంపు క్రొత్తది కాదు. 1956లో అమెరికాదేశమున జనరల్ మోటార్సువారు ప్రదర్శించిన బ్యూయిక్ సెంచూరియన్ అను ప్రయోగపు కారులో వెనుక టెలివిజను కెమెరాయు, ముందు చిన్న తెఱయు నుండెను. ఆ కారు అమ్మకమునకు రాలేదు. 1991లో జపానుదేశమున టొయోటా సోరర్ అను కారులో నిట్టి కెమెరా కొనువారికి లభించెను.

ఇది తొలుత వేడుక వస్తువుగ నుండి, తరువాత అవసరవస్తువైనది. 2002లో అమెరికాలో రెండేండ్ల పసివాడొకడు తన యింటి ముంగిటనే, కన్నతండ్రి వెనుకకు నడపుచున్న బండిక్రిందబడి మరణించెను. ఆ తండ్రి నిర్లక్ష్యముగ నడపినవాడు కాడు. బండి వెనుకనున్న పసివాడు ఏ అద్దములోను కనబడలేదు. ఆ బిడ్డ పేరుతో 2008లో అచట నొక చట్టము చేయబడినది. దాని ననుసరించి 2014లో నిబంధనలు వెలువడి, 2018 మే 1వ తేదీనుండి అచట తయారగు ప్రతి క్రొత్త కారునకును వెనుక కెమెరా తప్పనిసరియైనది. బండి వెనుక 10 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు గల స్థలము తెఱపై కనబడవలెననియు, వెనుక గేరు వేసిన 2 సెకనులలో బొమ్మ రావలెననియు నందలి నియమము. మన దేశమున 2019 జూలై 1వ తేదీనుండి క్రొత్త కార్లకు వెనుకనున్న అడ్డమును ధ్వనిచే తెలుపు సెన్సారులు విధింపబడినవి. కెమెరాను కొన్ని కార్లకు తయారుచేయువారే అమర్తురు. కొన్నిటికి యజమానులు దుకాణములో పెట్టించుకొందురు. మా సహోపాధ్యాయుల కారునకున్నది ఈ రెండవ విధమైనది.

2. ఇది పని చేయు తీరు

దోషమును వెదకువాడు మొదట దారిని తెలిసికొనవలెను. డ్రైవరు వెనుక గేరు వేయగనే గేరుపెట్టెవద్దనున్న యొక స్విచ్చి మూసికొనును. అప్పుడు బ్యాటరీనుండి విద్యుత్తు ఫ్యూజుద్వారా, ఆ స్విచ్చిద్వారా ప్రవహించి వెనుకనున్న తెల్లని రివర్సు లైట్లను వెలిగించును. దుకాణములో అమర్చిన కెమెరాకు సాధారణముగ ఈ లైటు తీగనుండియే యొక పాయ తీసి శక్తి నిత్తురు. ఆ పాయయే మఱియొక తీగద్వారా ముందుకు పోయి, "బండి వెనుకకు పోవుచున్నది, పాటలు చాలించి కెమెరా బొమ్మను చూపుము" అని తెఱకు తెలుపును. కెమెరా తీసిన బొమ్మ వేఱొక తీగద్వారా ముందునకు వచ్చును. విద్యుత్తు మరలిపోవుటకు కెమెరా నల్లతీగ బండి ఇనుపశరీరమునకు తగిలింపబడియుండును. దీనిని ఎర్త్ అందురు.

ఇట్లు బ్యాటరీ, ఫ్యూజు, స్విచ్చి, లైటు, కెమెరా, బొమ్మతీగ, తెఱ అను నివి గొలుసులోని లంకెలవలె నున్నవి. ఏ లంకె తెగినను డ్రైవరునకు కనబడునది చీకటితెఱ యొక్కటే. కాని శ్రద్ధతో చూచువానికి అన్ని చీకట్లు ఒకటి కావు.

3. ముందు జాగ్రత్తలు

బండిని సమతలమున నిలిపి, హ్యాండ్ బ్రేకు వేసి, చక్రములకు ముందు వెనుక రాళ్లు పెట్టవలెను. ఇంజను నడువరాదు; తాళపుచెవిని లైట్లు వెలుగు స్థానమునకు మాత్రము త్రిప్పి, వెనుక గేరు వేయవలెను. ఎవరును బండి వెనుక చక్రముల దారిలో నిలువరాదు. పసుపుపచ్చని తొడుగుగల తీగలను ముట్టరాదు. అవి సాధారణముగ ప్రమాదసమయమున ఉబ్బు గాలిసంచులకు సంబంధించినవి. బండి గ్యారంటీ కాలములో నున్నయెడల, కెమెరా తయారుచేసినవారే అమర్చినదైనయెడల, 4వ, 5వ భాగములలోని పరీక్షలవఱకు మాత్రము చేసి, తరువాతి పనిని వర్క్‌షాపునకు విడుచుట మేలు.

4. తెఱ చెప్పు సాక్ష్యము

పనిముట్టు చేతబట్టకముందే తెఱను అడిగి చూడవలెను.

తెఱ పాటలకుగాని గడియారమునకుగాని వెలుగనేలేదా? దోషము తెఱకు వచ్చు శక్తియం దున్నది. కెమెరా జోలికి పోనక్కఱలేదు. తెఱ బాగుగనే వెలుగుచు, గేరు వేసినను మారకున్నదా? గేరు వార్తను తెచ్చు తీగను అనుమానింపవలెను. తెఱ మారి, నల్లగనో నీలముగనో నిలిచి, సిగ్నలు లేదని చెప్పుచున్నదా? వార్త వచ్చినది, బొమ్మ రాలేదు. కెమెరాను, దాని శక్తిని, బొమ్మతీగను చూడవలెను. బొమ్మ వచ్చియు మసకగ నున్నదా? కెమెరా అద్దమునకు బురదయో లోపల చెమ్మయో పట్టినది. గతుకులలో బొమ్మ వచ్చుచు పోవుచు నున్నదా? ఎచటనో అతుకు వదులైనది.

మా సహోపాధ్యాయుల కారులో తెఱ మారెను. నల్లనై సిగ్నలు లేదనెను. ఈ యొక్క చూపుచే తెఱయు, దానికి వార్త తెచ్చు తీగయు నిర్దోషములని తేలినవి.

5. సులభములైన పరీక్షలు

మొదట కెమెరా అద్దమును మంచినీటితో తడిపి మెత్తని గుడ్డతో తుడిచితిమి. పెట్రోలుగాని ఇసుక అంటిన గుడ్డగాని వాడినచో అద్దము గీతలుపడి శాశ్వతముగ మసకయగును. తుడిచినను మార్పు లేదు. ఉండదనియు నెఱుగుదుము, బురద బొమ్మను మూయును గాని సిగ్నలును మాన్పదు. అయినను ఖర్చులేని పరీక్షను ముందు చేయుట మంచి యలవాటు.

తరువాత నొక విద్యార్థిని ప్రక్కన నిలిపి వెనుక గేరు వేసితిమి. "రెండు తెల్లలైట్లూ వెలిగాయండి!" అని వాడు చెప్పెను. దీనితో బ్యాటరీ, ఫ్యూజు, గేరు స్విచ్చి మూడును ఒక్కమారే నిర్దోషములైనవి. లైట్లు వెలుగకుండినచో ఫ్యూజును చూచియుందుము. కార్లలో వాడు చదునైన ఫ్యూజులలో ఎఱ్ఱనిది 10 ఆంపియర్లది, నీలిది 15, పసుపుపచ్చనిది 20. కాలిన దాని స్థానమున అదే అంకెగలది పెట్టవలెను. పెద్ద అంకెగలది పెట్టినచో ఫ్యూజునకు బదులు తీగయే కాలును.

ఇక మిగిలినవి కెమెరా, దానికి శక్తి తెచ్చు పాయ, ఎర్త్, బొమ్మతీగ.

6. మేము చేసిన పొరపాటు

డిక్కీ తలుపు లోపలి అట్టను విప్పి, కెమెరా మొనను ఊడదీసి, ఎఱ్ఱతీగకును నల్లతీగకును నడుమ మల్టీమీటరు నుంచితిమి. అది 12.3 వోల్టులు చూపెను. "శక్తి వచ్చుచున్నది, ఎర్త్ బాగున్నది, కావున కెమెరాయే చెడినది" అని మేము తీర్పుచెప్పితిమి. చీకటి పడుచుండుటచే ఆనాటికి పని ముగించి, క్రొత్త కెమెరా వెల కనుగొనుటకు ఒక విద్యార్థిని బజారునకు పంపుదమనుకొంటిమి.

అప్పుడు వారిలో నొకడు, వాని తండ్రి ఆటోలకు కరెంటుపని చేయువాడు, జంకుచు ఇట్లనెను: "మాస్టారూ, మా నాన్న ఉత్త మీటరు నమ్మడండి. బల్బు పెట్టి చూస్తాడండి."

మాకు కొంచెము సిగ్గువేసెను. తరగతిలో ఓమ్ నియమమును ఏటేట బోధించుచున్నది మేమే. మఱునాడు వాడు 12 వోల్టుల 5 వాట్ల బల్బునకు రెండు తీగలు కట్టి తెచ్చెను. దానిని రివర్సు లైటు తీగకును బండి ఇనుమునకును తగిలింపగా తెల్లగ వెలిగెను. కెమెరా మొనకు తగిలింపగా తంతువు ఎఱ్ఱబాఱి కనబడీ కనబడక యుండెను. మీటరు 12 చూపిన చోటనే బల్బు వెలుగకుండెను!

7. మీటరు ఏల మోసపుచ్చినది?

పంపునకు కట్టిన గొట్టములో చెత్త యడ్డుపడినదనుకొందము. కుళాయి కట్టియున్నంతసేపు లోపలి యొత్తిడి నిండుగనే యుండును. త్రిప్పినపుడు చుక్కలు చుక్కలుగ పడును. మీటరు కట్టియున్న కుళాయివంటిది. బల్బు త్రిప్పిన కుళాయివంటిది.

దీనిని లెక్కతో చూతము. జర్మను శాస్త్రజ్ఞుడైన ఓమ్ 1827లో ప్రకటించిన నియమముచొప్పున, వోల్టులను నిరోధముచే భాగించిన ప్రవాహము వచ్చును. చెడిన తీగలో నిరోధము 100 ఓములు, బ్యాటరీ 12 వోల్టులు అనుకొందము. మల్టీమీటరు నిరోధము సాధారణముగ ఒక కోటి ఓములు. కోటి ప్రక్కన నూఱు లెక్కకు రాదు. కావున మీటరు 12 వోల్టులనే చూపును. 5 వాట్ల బల్బు వెలుగునపుడు దాని నిరోధము సుమారు 29 ఓములు. దానిని తగిలింపగా మొత్తము నిరోధము 129 ఓములు. ప్రవాహము సుమారు 0.093 ఆంపియరు, బల్బునకు దక్కునది సుమారు 2.7 వోల్టులు. తక్కిన 9.3 వోల్టులును చెడిన తీగలోనే వ్యయమగును. తంతువు చల్లగనున్నపుడు నిరోధ మింకను తక్కువ గనుక, దక్కునది ఇంతకంటెను తక్కువయే.

కెమెరా 120 ఓముల నిరోధమువలె ప్రవర్తించునదనుకొన్నచో దానికి చేరునది సుమారు 6.5 వోల్టులు. 12 కావలసినదానికి 6.5 చాలదు. మేము క్రొత్త కెమెరా కొనియుండినను తెఱ నల్లగనే యుండెడిది.

కావున జ్ఞాపకముంచుకొనుడు: తీగ బాగుగనున్నదో లేదో తెలియుటకు దానిచేత పని చేయించి చూడవలెను. అయితే ఈ బల్బు పరీక్షను లైట్ల తీగలవంటి శక్తి తీగలకే చేయవలెను. కంప్యూటరుతో సంబంధముగల సన్నని తీగలకు చేయరాదు.

8. దోషస్థానము

ఎఱ్ఱతీగయా, నల్లతీగయా? బల్బు యొక కొనను ఎఱ్ఱతీగకు నుంచి, రెండవ కొనను నల్లతీగనుండి తీసి, బండి యొక్క శుభ్రమైన ఇనుమునకు తాకించితిమి. మసక మారలేదు. కావున ఎర్త్ నిర్దోషము, ఎఱ్ఱతీగయే దోషి.

ఎఱ్ఱతీగ లైటువద్దనుండి డిక్కీ తలుపునకు పోవుదారిలో, తలుపు కీలువద్ద, ఒక రబ్బరు గొట్టముగుండ పోవుచున్నది. బల్బును తగిలించియుంచి తలుపును మెల్లగ ఎత్తుచు దింపుచు నుండగా, ఒక స్థానమున బల్బు క్షణకాలము మెఱసి మఱల మసకబాఱెను. నలుగురు బాలురును ఒక్కమారే "అక్కడే!" అని అఱచిరి. రబ్బరును వెనుకకు తీసి చూడగా తీగ తొడుగు పగిలి, లోపలి రాగిపోగులు పచ్చని చిలుముపట్టి తెగియుండెను. ఒకటి రెండు మాత్రము అంటుకొనియుండెను.

ఇది యచటనే ఏల తెగినది? ఒక సన్నని రాగితీగను తీసికొని ఒకేచోట ఇటునటు వంచి చూడుడు. తొలుత సులభముగ వంగును, పిమ్మట గట్టిపడును, కొంతసేపటికి విఱుగును. దినమునకు ఐదుమారులు డిక్కీ తెఱచువాడు సంవత్సరమునకు 1,825 మారులు ఆ తీగను అదేచోట వంచుచున్నాడు. దానికితోడు రబ్బరు పగులులనుండి వాననీరు చేరినది. బొమ్మతీగయు నీ గొట్టముననే పోవుటచే, బల్బు బాగుగ వెలిగి బొమ్మ రాకున్న బండ్లలోకూడ ఈ చోటును తప్పక చూడవలెను. అచటను దోషము లేకున్నచో, కెమెరాను ప్రత్యేకముగ నొక 12 వోల్టుల బ్యాటరీకి కట్టి, దాని బొమ్మను వేఱొక టెలివిజనులో చూచిన, చెడినది కెమెరాయో, తీగయో తేలిపోవును.

9. మరమ్మతు

బ్యాటరీ నల్లకొనను విప్పితిమి. చిలుముపట్టిన భాగమును బాగైన రాగి కనబడువఱకు కోసివేసి, అనేక సన్నని పోగులుగల మెత్తని తీగను, మునుపటికంటె నాలుగంగుళములు పొడవుగ, మధ్య నతికితిమి. అతుకులు వంపువద్ద పడకుండ గొట్టమునకు రెండువైపుల వెలుపల నుంచి, సీసముతో మాటువేసి, వేడికి ముడుచుకొను గొట్టమును పైన తొడిగితిమి. తీగలను ఊరక మెలిపెట్టి టేపు చుట్టుట చాలదు. వేసవి యెండకు టేపు జిగురు కరగి వదులును. పగిలిన రబ్బరు గొట్టమును మార్చితిమి.

బల్బు తెల్లగ వెలిగెను. కెమెరాను తగిలింపగా తెఱపై వేపచెట్టు, గేటు, కావలివాని బల్ల స్పష్టముగ కనబడెను.

10. బాగైనదని ఎప్పుడు చెప్పవలెను?

బొమ్మ వచ్చుటతో పని ముగియలేదు. డిక్కీని ఇరువది మారులు తెఱచి మూసి చూచితిమి; బొమ్మ తొణకలేదు. తరువాత బండికి ఎడమప్రక్క వెనుకగ నొక విద్యార్థిని నిలిపితిమి. అతడు తెఱపైనను ఎడమప్రక్కనే కనబడవలెను. అద్దములో చూచు అలవాటునకు సరిపడునట్లు ఈ కెమెరాలు బొమ్మను కుడియెడమలు మార్చి చూపును. తాఱుమాఱుగ కనబడినచో డ్రైవరు చక్రమును తప్పుదిక్కునకు త్రిప్పును.

కడపట మా సహోపాధ్యాయులను డ్రైవరు స్థానమున కూర్చుండబెట్టి, తెఱను ఒక గుడ్డతో కప్పి, తరగతిలోని పొట్టి ముక్కాలిపీటను బండి వెనుక నుంచితిమి. చతికిలబడిన ఆఱవ తరగతి బాలుని యెత్తు ఇంచుమించుగ నంతే. మూడు అద్దములలో దేనియందును పీట కనబడలేదు. దానిని వెనుకకు, ఇంకను వెనుకకు జరుపుచు పోయి, అది మొదట కనబడిన చోట నేలపై సుద్దతో గీత గీసితిమి. వారు దిగివచ్చి ఆ గీతవద్ద నిలిచి, బండివైపు చూచి, చాలసేపు మాటాడలేదు. పిమ్మట, "ఇంత జాగా నాకు కనపడదన్నమాట" అనిరి.

విద్యార్థులారా, మీ యింట బండి యున్నచో పెద్దలతో కలసి ఈ గీతను గీసి చూడుడు. బండి బండికి అది మాఱును. కావున మీ బండికి మీరే కొలువవలెను.

మేమీ పనివలన నేర్చినవి రెండు. ఒకటి: దోషమును వెదకునపుడు దారిని తెలిసికొని, సులభమైనది ముందుగ, ఒక్కమారు ఒక్కదానినే పరీక్షించి, ప్రతి పరీక్ష దేనిని నిర్దోషమని తేల్చినదో వ్రాసికొనవలెను, వస్తువును మార్చుటకు ముందు దాని దోషమును రుజువు చేయవలెను. రెండవది: ఆనాడు తెగినది ఒక తీగ మాత్రమే, అపాయము వచ్చినది తెఱ చీకటియైనను బండిని కదల్చుటవలన. తెఱ వెలుగనప్పుడు బండి నాపి, దిగి చూడవలెను. లేదా తెలిసినవానినొకని ప్రక్కన కనబడునట్లు నిలిపి వాని సైగను బట్టి నడపవలెను.

మా సహోపాధ్యాయులు మఱల కారులోనే వచ్చుచున్నారు. తెఱ చక్కగ పని చేయుచున్నది. అయినను సాయంకాలము బడి విడిచిన పిమ్మట వారు తలుపు తీయుటకు ముందు బండిచుట్టు ఒకమారు నడచి, వంగి క్రింద చూచి, ఆ పిమ్మటనే ఎక్కుచున్నారు. ఆఱవ తరగతి పిల్లలు వారిని చూచి తామును వంగి చూచుచున్నారు.